పై మూల గడి

అతను నన్నే చూస్తున్నాడు. ఈ విషయంలో నాకు ఆవగింజంత అనుమానం కూడా లేదు. వీడియో మీటింగ్ మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా అతని కళ్లు మాటిమాటికీ తెర పై మూలకే పోయేవి. నా తెరలో పై మూల గడిలో ఉండేది నేనే. ఇంతకంటే రుజువేం కావాలి?

మాది చెక్క బీరువాలను విడి భాగాలుగా పెట్టెలో పెట్టి అమ్మే కంపెనీ. కొన్నవాళ్లు ఇంట్లో తామే బిగించుకునేందుకు పెట్టెతోపాటు ఒక కాగితం ఇస్తాం. అందులో బొమ్మలు నేను గీస్తాను, మాటలు అతను రాస్తాడు. అందుకని కంపెనీలో నా పేరు బొమ్మలు, అతని పేరు మాటలు. మా మీద మేడమ్, తప్పులు చూడటానికి వడ్రంగి మేస్త్రీ. ఎవరింట్లో వాళ్లం కూర్చుని, తెర మీద నాలుగు గడుల్లోంచి బీరువాలు బిగిస్తుంటాం. మాటలుని నేను నడుం పైభాగం తప్ప చూసిందే లేదు. కాళ్లున్నాయో లేదో తెలియని మనిషి మీద మనసు పారేసుకున్నాను.

పైన కొత్త కుర్తీ, కింద చిరుగుల పైజమాతో మీటింగుకి కూర్చుంటే మా పిన్ని ఊరుకునేది కాదు.

"ఏమే, బీరువాల గురించి మాట్లాడ్డానికి ఆ జూకాలెందుకే?"

"పని మీద శ్రద్ధ పిన్నీ."

"శ్రద్ధ సరే, ఆ ముసిముసి నవ్వులేంటి? బీరువా ఏమైనా జోకులేస్తోందా?"

ఆ నెల కొత్త బీరువా కాగితం తయారైంది. "అందరికీ ఓకేనా?" అంది మేడమ్, ఎవరికో మెయిల్ రాసుకుంటూ. మేస్త్రీ మైకు కట్టేసి ఏదో నములుతున్నాడు. మాటలు పై మూలకి చూస్తున్నాడు. నేను మాటలుని చూస్తున్నాను. బీరువాని చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నాలుగు బొటనవేళ్లు పైకి లేచాయి, కాగితం అచ్చుకి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి మేడమ్ మండిపడుతూ మీటింగ్ పెట్టింది. ఒక కొనుగోలుదారుడు పంపిన ఫిర్యాదుని తన తెర మీంచి మాకందరికీ చూపించింది. బీరువా తలుపులు గోడవైపు ఉండేలా నిలబెట్టమన్నాం. ఒకరు లోపలికెళ్లి వెనక పలకని పట్టుకోవాలన్నాం, రెండోవారు బయటినుంచి స్క్రూలు బిగించాలన్నాం. ఆ తర్వాత ఇద్దరూ కలిసి బీరువాని ఇటు తిప్పమన్నాం. తిప్పాల్సిన ఇద్దరిలో ఒకాయన లోపలే ఉన్నాడు. ఫిర్యాదు రాసింది ఆయనే, బీరువాలోంచే.

"లోపలి మనిషి బయటికి రావాలన్న మాటేదీ ఇందులో? ఎవరూ చూళ్లేదా?" అని మేడమ్ అరుస్తోంది. నాకు గుండె గుభేలుమంది. ఆ పెద్దమనిషిని తల్చుకుని కాదు. మేడమ్ తెర మీద మా గడులు కూడా కనిపిస్తున్నాయి. అందులో నేను అడుగున ఉన్నాను. పై మూలలో మేస్త్రీ ఉన్నాడు!

అంటే ఎవరి తెరలో వరస వాళ్లదే. మరి అతను ఇన్నాళ్లూ చూసింది ఎవర్ని? మేడమ్‌నా? కొంపదీసి మేస్త్రీనా?

"రేపు అందరూ గోడౌన్‌కి రండి. మీ కాగితం మీరే చదువుకుని మీరే బిగించండి" అని మేడమ్ హుకుం జారీ చేసింది.

గోడౌన్‌లో అతనికి కాళ్లున్నాయని తెలిసింది, బాగా పొడుగైనవే. కానీ నా వైపు ఒక్కసారైనా చూస్తేనా! స్క్రూల డబ్బాని చూశాడు, పైకప్పుని చూశాడు, మేస్త్రీ చెప్పుల్ని చూశాడు. నా మొహం, అంతా నా భ్రమే అనుకున్నాను. ఏడుపొచ్చింది. ఆ కోపంలో బీరువాలోకి నేనే దూరి పలక పట్టుకున్నాను. అతను బిగించాడు. తర్వాతి వాక్యం చదవబోయి ఆగిపోయాడు.

మేస్త్రీ తన నడుం సహకరించదని, మనిషిని తెస్తానని వెళ్లాడు. మేడమ్‌కి ఫోన్ వచ్చి బయటికి నడిచింది. లోపల చీకటి, చెక్క వాసన. ఆ చీకట్లో ధైర్యం వచ్చింది. ఎంతైనా నా మొహం ఎవరికీ కనపడదు కదా.

"మాటలుగారూ, ఒకటడుగుతా, నిజం చెప్పాలి."

"అడగండి."

"మీటింగుల్లో మీ తెర పై మూల ఎవరుంటారు?"

స్క్రూ డ్రైవర్ కింద పెట్టిన చప్పుడైంది.

"ఎవరూ ఉండరండీ. అక్కడ గడియారం ఉంటుంది."

గడియారం! నేను జూకాలు పెట్టుకుని మురిసిపోయింది గడియారాన్ని చూసేవాడి కోసమా!

"అంత విసుగా? ఎప్పుడైపోతుందా అని చూసేవారా?"

"కాదండీ." గొంతు పలకకి బాగా దగ్గరగా వినిపించింది. "అయిపోతుందేమోనని."

నేను పలక దగ్గరికి చెవి పెట్టాను.

"మీ వంక తిన్నగా చూస్తే రాయాల్సింది మర్చిపోతున్నాను. ఒక్కసారి చూశాను. ఆ రోజే ఆ మనిషిని బయటికి రమ్మనడం మర్చిపోయాను."

నవ్వో ఏడుపో తెలియని చప్పుడేదో నా నోట్లోంచి వచ్చింది. అరచేతులు రెండూ పలకకి ఆనించాను. అవతల అతను కూడా ఆనించినట్టున్నాడు, చెక్క కిర్రుమంది.

ఇంతలో మేస్త్రీ కేక వినిపించింది. "భయపడకమ్మాయ్! మనిషిని తెచ్చా, తిప్పేస్తున్నాం!"

"ఆగండి మేస్త్రీగారూ! మీటింగ్ ఇంకా అవలేదు!" అని లోపల్నుంచి అరిచాను.