కెప్టెన్ సువార్త

ఆర్మూర్‌లో పెళ్లి వీడియోలు తీసే దయానంద్ చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఒక అంతరిక్ష సీరియల్ చూసి మనసు పారేసుకున్నాడు. 2005లో అచ్చం అలాంటిదే లోకల్ కేబుల్ కోసం తీయడం మొదలుపెట్టాడు. పసుపు ఉడికించే డ్రమ్ములు రాకెట్ అయ్యాయి. మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరే సువార్తకు గొంతు గట్టిదని ఆమెను కెప్టెన్ చేశాడు. పాత సీరియల్‌లో కెప్టెన్ చెయ్యి ఎలా ఎత్తితే ఆమె కూడా అలాగే ఎత్తాలి. కాస్త తేడా వచ్చినా మళ్లీ తీసేవాడు.

ఐదో భాగంలో పరాయి గ్రహపు రాజు వేషం తానే వేస్తానన్నాడు కేబుల్ యజమాని భీమ్‌రావు. దుబాయికి మనుషుల్ని పంపే ఏజెంటు కూడా అతడే. సువార్త తమ్ముడు పెద్దులును పంపిందీ అతడే. తన పాస్‌పోర్టు కంపెనీ లాక్కుందని, జ్వరంతో పడి ఉన్నా పనికి తోలుతున్నారని పెద్దులు ఒక్కసారి ఫోన్ చేశాడు. తర్వాత నాలుగు నెలలుగా కబురు లేదు. ఆమె ఎప్పుడు ఆఫీసుకు వెళ్లినా భీమ్‌రావు లేడనే చెప్పించాడు.

ఆ రోజు అట్ట కిరీటం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. కెప్టెన్ రాజుకు నమస్కరించి స్నేహం కోరాలి. సువార్త చేతులు జోడించలేదు.

"గీ గ్రహం మీదికి నువ్వు తోలిన మా తమ్ముడు ఏడున్నడు? ఆని పాస్‌పోర్టు ఎవల దగ్గరున్నది?"

భీమ్‌రావు నవ్వబోయాడు. ఆమె ఒక అడుగు ముందుకేసి అదే మళ్లీ అడిగింది. అతడు కిరీటం తీసి నేలకు కొట్టి, ఇప్పుడు తీసింది చెరిపేసి పాత సీరియల్‌లో ఉన్నట్టు తీయమని దయానంద్‌కు చెప్పి వెళ్లిపోయాడు. తన సీరియల్ పాడు చేసిందని దయానంద్ కూడా ఆమె మీదే మండిపడ్డాడు.

"నీ సీరియల్ల కెప్టెన్‌కు తమ్ముడు లేడు. నాకున్నడు," అంది సువార్త. "చెరిపితే చెరుపు. మల్ల నిలవెట్టి తీసినా నేను గదే అడుగుత."

దయానంద్ చెరపడానికే స్టూడియోలో టేపు పెట్టాడు. మూడుసార్లు చూశాడు. ఇన్నాళ్లు తాను తీసిందంతా ఇంకొకరు తీసిందే. ఇది మాత్రం మరెక్కడా లేదు. ముందు సిగ్గేసింది, దాని వెనకే భీమ్‌రావు మీద కోపం వచ్చింది. కేబుల్‌లో వేయనివ్వరు కాబట్టి మర్నాడు టీవీని యార్డుకే మోసుకెళ్లి, మధ్యాహ్నం అన్నాలు తినే వేళ చూపించాడు. సగం తిన్న టిఫిన్లు అక్కడే వదిలి ఆడవాళ్లు లేచారు. వాళ్లలో తొమ్మిది మంది ఇళ్ల మగవాళ్లను పంపింది భీమ్‌రావే. అందరూ అతని ఆఫీసుకు నడిచి మెట్ల మీద కూర్చున్నారు, కదల్లేదు. మూడో రోజు అతడు దుబాయికి ఫోన్ కలిపాడు.

నెలన్నరకు పెద్దులు బక్కచిక్కి వచ్చాడు. మిగతా వాళ్లలో నలుగురు ఇంకా రాలేదు. ఆరో భాగానికి దయానంద్ పాత సీరియల్ జోలికి పోలేదు. ఆ నలుగురి పేర్లు రాసుకుని, సువార్తను వెంటబెట్టుకుని కెమెరాతో వాళ్ల ఇళ్లకు బయల్దేరాడు. మొదటిది కమ్మర్‌పల్లిలో, కొడుకు ఇంకా రాని మంగవ్వ ఇల్లు. ఆమె కొంగు దోపుకుని కెమెరా వైపు చూసింది.

"యాడ నిలవడాలె బిడ్డా?" అని అడిగింది.