బామ్మర్ది వేసిన తాళం

మా బామ్మర్ది చావు తప్పించుకుని బయటపడ్డాడు. ఒంటిమీద గీత కూడా లేదు. అయినా వాడి మనసు బాగుచెయ్యడానికి కంపెనీ ఓ డాక్టరమ్మని పంపింది. వారానికి రెండుసార్లు మా ముందుగదిలో కూర్చుని, "గాలి పీల్చండి, మెల్లగా వదలండి" అంటుంది. పుట్టినప్పట్నుంచీ వాడు చేస్తున్నది అదే కదా. దానికో పెద్ద చదువు, ఓ కళ్లజోడు, భుజానికో సంచీ.

లిఫ్టులు బాగుచెయ్యడం మా పని. నేను హెడ్డుని. వాణ్ణి చెయ్యిపట్టి ఇందులోకి తెచ్చింది నేనే. లిఫ్టు కింద గుంతలోకి దిగేవాడెవడైనా ముందు పై గదిలో మెయిన్ స్విచ్ ఆపాలి. దానికి తన తాళం వేసి, చెవి జేబులో వేసుకుని మరీ దిగాలి. ఆ రోజు వాడు గుంతలో ఉండగానే లిఫ్టు కిందికొచ్చేసింది. వెల్లకిలా పడుకుండిపోయాడు. ఛాతీకి జానెడు పైన ఆగింది. తాళం వెయ్యడం మర్చిపోయాడని రిపోర్టు రాశాను.

అప్పట్నుంచీ వీడి వేషాలు చూడాలి. గ్యాస్ కట్టేశానా అని పదిసార్లు లేస్తాడు. వీధి తలుపు గొళ్లెం పెట్టి, లాగి చూసి, మంచమెక్కి మళ్లీ దిగుతాడు. కన్నకూతుర్ని ఎత్తుకోమంటే, "పడేస్తానేమో అక్కా, నువ్వే ఎత్తుకో" అని మా ఆవిడ మీదకి తోసేస్తాడు. పిరికి సన్నాసి. పనిలోకి రారా అంటే దుప్పటి ముసుగేస్తాడు.

మొన్న డాక్టరమ్మ గుమ్మంలో చెప్పులేసుకుంటూ నాతో అంది: "ఆయన భయం చావు గురించి కాదండీ. తాళం వేసినట్టే గుర్తుంది. వెయ్యలేదని మీరంతా అంటున్నారు. ఇక తన చేతుల్ని తనే నమ్మలేకపోతున్నారు."

"ఇది కనిపెట్టడానికి నెల పట్టిందా?" అన్నాను.

నాకు తెలీదా? తాళం వేశాడు. తీసింది నేను. అందరి తాళాలకీ మారుచెవి హెడ్డు దగ్గర ఉంటుంది. లిఫ్టు వెయ్యమని ఆ బిల్డింగ్ మేనేజరు ఫోన్లో ఒకటే నస. వీడి పనిముట్ల సంచీ పై గదిలోనే కనబడితే టీకి పోయాడనుకున్నా. తాళం తీసి ఆ సంచీలోనే పడేసి, స్విచ్ వేశాను. తర్వాత నోరు మెదపలేదు. బతికాడుగా, ఇప్పుడు కొంపేం మునిగింది అనుకున్నా. నాలుగేళ్లలో రిటైరవుతున్నా మరి.

నిన్న పొద్దున్నే కాగితం పట్టుకొచ్చాడు. రాజీనామా.

"సంతకం పెట్టు బావా. నేనుంటే ఎవడో ఒకడు చస్తాడు. నా తాళాన్ని నమ్ముకుని ఆ గుంతలోకి నువ్వు దిగుంటే ఏమయ్యుండేది?"

పెన్ను తీశాను. పెట్టేస్తే నా గొడవ వదిలిపోతుంది. కానీ వాడు ఆ కాగితాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు, అదీ పడేస్తానేమో అన్నట్టు. అసహ్యమేసింది. ఈసారి వాడి మీద కాదు.

"వేశావురా," అన్నాను. "నువ్వు తాళం వేశావు. నేనే తీశాను."

చెంప పగలగొడతాడని కాచుకుని కూర్చున్నాను. వాడు కదల్లేదు.

"వేశానా?"

"వేశావు."

"నిజంగా వేశానా బావా?"

"వేశావురా. నీ సంచీలో పడేసింది కూడా నేనే."

ఎందుకు తీశావని అడగలేదు. నెలరోజులు ఎందుకు దాచావనీ అడగలేదు. నా రెండు చేతులూ పట్టుకుని, "బతికించావు బావా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.