మత్తియాస్ మైకు

స్వీడన్‌లో ఒక చిన్న ఊరు. పట్టుమని పదివేలమంది ఉండరు. అక్కడి బడిపిల్లలు నలుగురు 2001లో కట్టిన బ్యాండు ‘వింటర్‌హమ్’. వాళ్ళది పాడడం కాదు, గుండెలవిసేలా అరవడం. మూడు ఆల్బమ్‌లు చేశారు, డొక్కు వ్యాన్‌లో అమెరికా అంతా తిరిగారు. ఆనక గాయకుడు మత్తియాస్ గడ్డకట్టిన చెరువు దాటబోతే మంచు విరిగింది. శవాన్ని బయటికి తీసేసరికి చలికాలం వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు అక్కడితో మానుకుంటే ఎంత బాగుండేది! మానుకోలేదు. కొత్త గాయకుణ్ణి పెట్టుకున్నారు. మత్తియాస్ మైకును మాత్రం ప్రతి షోలోనూ వేదికమీద నిలబెట్టేవారు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

2012 అమెరికా టూర్‌కి ఆ కొత్త గాయకుడికి వీసా రాలేదు. సంగతి తెలిసి, డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉండే తెలుగు కుర్రాడు విశాల్ ఎగిరి గంతేశాడు. హైస్కూల్ నుంచీ వాళ్ళ పాటలు కార్లో అరిచి అరిచి కంఠతా పట్టినవాడు. వీడియో పంపాడు, పిలిచారు.

"డాలస్ షో క్లిక్ అయితే నువ్వే మా పర్మనెంట్ సింగర్‌వి. కానీ మత్తియాస్‌ని కాపీ కొట్టకు. నీ గొంతే వినిపించు," అన్నాడు డ్రమ్మర్ యోనాస్.

విశాల్‌కు కావలసిందీ అదే. ఇది నా గొంతు అని ఒక్కసారి నలుగురికీ వినిపిస్తే చాలనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం షో. తల్లి పద్మిని కూడా చెవుల్లో దూది కుక్కుకుని వచ్చింది. "ఇదేం సంగీతంరా నాయనా, ఎవరో పీక నులిమినట్టు!" అని నవ్వింది.

రెండో పాట మధ్యలో వెనక్కి అడుగేస్తుంటే విశాల్ కాలు మత్తియాస్ మైకు స్టాండుకు తగిలి మైకు కిందపడింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు కదా! పుస్తకానికో వీణకో కాలు తగిలితే కళ్ళకద్దుకోమని వాడికి ఉగ్గుపాలతో నేర్పిందే పద్మిని. చటుక్కున వంగి, మైకు తీసి కళ్ళకద్దుకున్నాడు.

మైకు తడిగా ఉంది. ఒళ్ళు జలదరించేంత చల్లగా ఉంది.

మళ్ళీ నోరు తెరిస్తే వచ్చిన అరుపు అతనిది కాదు. యోనాస్ చేతుల్లోంచి కర్రలు జారిపోయాయి. ముందు వరస అభిమానులు ఆ గొంతు గుర్తుపట్టి బావురుమన్నారు. విశాల్ నోరు మూసుకోబోతే దవడలు మాట వినలేదు.

పద్మిని జనాన్ని తోసుకుంటూ వేదికెక్కింది. "ఏమైందిరా కన్నా? నీళ్ళు తాగు."

ఏం లేదమ్మా అనబోయాడు. నోట్లోంచి స్వీడిష్ వచ్చింది.

"వాట్ ఈజ్ హీ సేయింగ్?" పద్మిని యోనాస్‌ని గట్టిగా అడిగింది.

యోనాస్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "నీళ్ళలోంచి తీయడానికి ఇంతసేపా అంటున్నాడు. వాడు మత్తియాస్."

"మరి నా బిడ్డేడీ?" అంటూ ఆమె విశాల్ భుజాలు పట్టి కుదిపేసింది.

అమ్మ మాట ప్రతిదీ విశాల్‌కు వినబడుతోంది. కానీ అతని కాళ్ళకింద నేల లేదు. చుట్టూ నల్లటి నీళ్ళు, నెత్తిమీద మంచు పలక. దాన్ని పిడికిళ్ళతో బాదుతూ, "ఇక్కడున్నానమ్మా!" అని అచ్చం తన సొంత గొంతుతో అరిచాడు.

అది ఎవరికీ వినబడలేదు.