గ్లాడియోలస్ దుంపల పులుసు

గరివిడిలో తన చేతి పులుసుకి సాటి లేదని జగ్గమ్మ నమ్మకం. ఆ మాట వేరెవరైనా అనేదాకా ఆగే ఓపిక ఆవిడకి లేదు, అందుకని తనే అనేది. అరవై ఎనిమిది ఏప్రిల్‌లో, కోడలు పురిటికని పుట్టింటికి వెళ్లిన రోజుల్లో, ఇంటి దూలానికి కొత్త బుట్టొకటి వేలాడుతూ కనబడింది. దించి చూస్తే దుంపలు. గోధుమరంగు పీచుతో చేమదుంపల్లాగే ఉన్నాయి, కాకపోతే కాస్త బిళ్లల్లా ఉన్నాయి. పైన బూడిద చల్లి ఉంది. నాటే దుంపలకి పుచ్చు పట్టకుండా బూడిద పూసి దాచడం ఆవిడ చిన్నప్పటినుంచీ ఎరిగినదే. కొడుకు నాటడానికి తెచ్చుంటాడు, కొన్ని తీసుకుంటే కొంపేం మునిగిపోదనుకుంది. కడిగి, ఉడికించి, తొక్క తీసి, చింతపండు పిండి కుండెడు పులుసు పెట్టింది.

ముందుగా అయిదేళ్ల మనవరాలు తాయారుకి అన్నం పెట్టింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆ పిల్ల మొహం చిట్లించింది.

"సేదుగున్నాది నానమ్మా."

జగ్గమ్మకి ఒళ్లు మండింది. "నా పులుసుకే వంకలెడతావేటే? తిను," అని రెండో ముక్క తన చేత్తోనే నోట్లో కుక్కింది. పిల్ల ఎలాగో మింగి, చాప మీద పడి నిద్రపోయింది.

అంతలో కొడుకు కూర్మయ్య వచ్చాడు. ఫ్యాక్టరీ దొరగారి బంగళాలో తోటమాలి అతను. సైకిలు దిగి లోపలికి వస్తూనే పైకి చూశాడు.

"బుట్టెవులు దించినారే అమ్మా?"

"నానే. సేమదుంపలు పులుసెట్టినాను. రా, తిందువు."

"అవి సేమదుంపలు కావే. దొరగారి గ్లాడియోలస్ పూలదుంపలు, ఆఫ్రికా మొక్కలంట. కుళ్లిపోకుండా విషమందు అద్దినాం. అంతెత్తున కట్టినాను గదా, ఎవులు ముడతారులే అని నీకు సెప్పనేదు."

అది బూడిద కాదు. జగ్గమ్మ చాప వైపు వేలు చూపించి, "దానికి రెండు ముక్కలెట్టీసినానురా," అంది. కూర్మయ్య పిల్లని కుదిపాడు. మత్తుగా మూలిగింది. భుజాన వేసుకుని సైకిలెక్కి ఆసుపత్రికి దూసుకుపోయాడు.

ఇంట్లో ఆవిడా, పులుసు కుండా మిగిలారు. వద్దన్న పిల్లకి కుక్కిన వేళ్లని చూసుకుంది. పిల్ల దక్కకపోతే కొడుక్కి ఏ మొహం చూపించాలి? కోడలికి ఏమని చెప్పాలి? "దానికేటైతే నాకూ అదే అవ్వాల," అనుకుని కుండ ముందేసుకుంది. నిజంగానే చేదు. కళ్లు మూసుకుని ముక్కా మిగల్చకుండా తినేసింది.

ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. కడుపులో మెలిపెట్టడం మొదలైనా ఆవిడ చెవులు వీధి మీదే ఉన్నాయి. చివరికి సైకిలు బెల్లు వినబడింది. ముందు కమ్మీ మీద తాయారు కూర్చుని ఉంది. మొహం వాడిపోయినా బెల్లంముక్క కావాలని తండ్రిని వేధిస్తోంది.

"కక్కించేసినారే అమ్మా," అన్నాడు కూర్మయ్య, చెమట తుడుచుకుంటూ. "రెండు ముక్కలే గనక బతికిపోనాది. గిన్నెడు తినుంటే మనిషి దక్కదన్నారు డాక్టరుగారు. ఆ మిగిలింది గోతిలో పాతీమన్నారు. ఏదీ కుండ?"

పిల్ల దిగి వచ్చి నానమ్మ చీరకుచ్చెళ్లు పట్టుకుంది. ఇందాకటిదాకా చావంటే లెక్కలేని జగ్గమ్మకి ఇప్పుడు బతకాలనిపించింది, ఎంతో భయమేసింది.

"ఒరే కూర్మయ్యా," అంది గుంజ పట్టుకుని లేస్తూ, "సైకిలు స్టాండెయ్యకురా. నన్నూ ఎక్కించుకో."