మోకాలికీ తుంటికీ

వీధిలో అందరూ ఆయన్ని మిలిటరీ అనే పిలుస్తారు. సైన్యంలో లారీ నడిపేవాడు. కొండదారిలో లారీ బోల్తాపడి ఎడమ మోకాలు నుజ్జయింది. అది ఉద్యోగంలో తగిలిన దెబ్బేనని ప్రభుత్వం అప్పుడే ఒప్పుకుంది. అక్కణ్ణించి బరువంతా కుడికాలి మీద వేసి, ఒక పక్కకి ఒరుగుతూ బతుకు లాక్కొచ్చాడు. ఇప్పుడు ఆ కుడి తుంటి కూడా అరిగిపోయింది. మంచం దిగడమే గగనం. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఆ తుంటికీ పరిహారం ఇమ్మని అర్జీ పెట్టుకున్నాడు. మాజీ సైనికుల కార్యాలయంలో గుమాస్తా చెడ్డవాడేం కాదు. కుర్చీ తనే జరిపి కూర్చోబెట్టాడు. కాగితాలు తిరగేసి నిట్టూర్చాడు.

“మోకాలికీ బోడిగుండుకీ ముడి పెడుతున్నారంటారు పెద్దాయనా! దెబ్బ ఎడమ మోకాలికి. మీరు అడుగుతున్నది కుడి తుంటికి.”

“బోడిగుండు కూడా ఉంది బాబూ, దానికేం అడగటం లేదు,” అన్నాడు మిలిటరీ, తల తడుముకుంటూ. “కుంటికాలి బరువు మంచికాలు మోసింది. మోసి మోసి అదీ పోయింది.”

“నాకు తెలుస్తూనే ఉందండీ. నాకు తెలిస్తే చాలదు. వయసు వల్ల అరిగిందని మా వైద్యులు రాశారు. మోకాలి వల్లే తుంటి పోయిందని, మొదట్నించీ చూసిన డాక్టరు ఎవరైనా కారణాలతో రాసివ్వాలి.”

“ఉన్నారండీ, మా డాక్టరుగారున్నారు!” అంది పక్కనే నిలబడ్డ కూతురు. ఆమె ముఖం వెలిగింది.

ఆ డాక్టరు మిలిటరీని చూసినప్పుడల్లా కేకలేసేవాడు. “ఆ నడక మార్చుకోవోయ్, రెండో కాలు కూడా నీకు ఎదురు తిరుగుతుంది!” ఆయన ఆసుపత్రి మూసేసి చాలాకాలమైంది. చిరునామా పట్టుకుని ఇద్దరూ వెళ్లారు. ఇల్లు మేడమీద. పంటిబిగువున మెట్లెక్కాడు మిలిటరీ.

తలుపు తీసిన డాక్టరుగారి భార్య విషయం విని నీరుగారిపోయింది.

“పక్షవాతం వచ్చింది బాబూ. మాట పడిపోయింది. పాత కాగితాలా? ఆసుపత్రి ఖాళీ చేసినప్పుడే పారేశారు.”

డాక్టరు కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఆయన మిలిటరీ ముఖం వైపు చూడలేదు. గుమ్మంలోంచి వస్తున్న ఆ నడకనే చూశాడు. కాస్త కదిలే చేతిని మెల్లగా ఎత్తి, తన తుంటి మీద రెండుసార్లు తట్టుకున్నాడు. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది.

“చూశావా నాన్నా, ఆయనకి తెలుసు!” కూతురు గబగబా కాగితం పెట్టి కలం అందించింది. కలం జారిపోయింది. మళ్లీ పెట్టింది. కాగితం మీద వంకరగీత ఒకటి పడి ఆగిపోయింది. ఆమె ఆయన చేతిని తన చేత్తో పట్టుకోబోయింది.

“వద్దమ్మా,” అన్నాడు మిలిటరీ. “అది నీ రాత అవుతుంది.”

డాక్టరు కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. మిలిటరీ తన తువ్వాలుతో తుడిచాడు. “మీరు చెప్పిందే అయిందండీ,” అన్నాడు.

తర్వాత వేరే డాక్టర్ల చుట్టూ తిరిగారు. “పాపం నిజమే కావచ్చు. అప్పుడు నేను చూడలేదు, ఇప్పుడెలా రాయను?” అన్నారు అందరూ. అభ్యర్థన తిరస్కరించామని కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. కొత్త ఆధారముంటే పైవారికి చెప్పుకోవచ్చట.

“చెప్పుకుందాం నాన్నా,” అంది కూతురు.

“ఏం చెప్తామే?”

ఆమె ఆ కాగితాన్ని మళ్లీ మొదట్నించీ చదివింది.

కొన్నాళ్లకి మిలిటరీ, “డాక్టరుగారింటికి ఒకసారి తీసుకెళ్లమ్మా,” అన్నాడు.

“ఇంకెందుకు నాన్నా?”

“ఊరికే. చూసొద్దాం.”

ఈసారి మొదటి మెట్టు మీదే కాలు మొండికేసింది. తాము వచ్చిన ఆటోలోనే కూర్చుండిపోయాడు. కూతురు పైకెళ్లి వచ్చింది.

“నాన్న కింద ఉన్నాడని చెప్పాను. విన్నారో లేదో తెలీలేదు.”

మిలిటరీ తలెత్తి మేడ కిటికీ వైపు చూశాడు. ఎండపడి అద్దం మెరుస్తోంది. లోపల ఎవరున్నారో కనబడలేదు. అయినా చెయ్యెత్తి ఊపాడు. కాసేపాగి, బండి తిప్పమన్నాడు.