ఖాతాదారుగారి భార్య

ఫోన్‌ను పిండి డబ్బాకి చేరగిలబెట్టి, స్పీకర్ పెట్టుకుని, పెరోగీలు చేస్తున్నాను. అవతలి నుంచి అరిగిపోయిన సంగీతం. మధ్యమధ్యలో ఒక మగగొంతు, "మీ కాల్ మాకెంతో విలువైనది" అంటోంది. అంత విలువైనదైతే ఎత్తొచ్చు కదా నాయనా! గుండ్రంగా కోసిన పిండిరేకులో బంగాళాదుంప ముద్ద పెట్టడం, మడవడం, అంచులు నొక్కడం. ట్రే నిండింది. రెండో ట్రే మొదలుపెట్టాను. మా యార్క్‌టన్ ఊరి ఆడవాళ్ళు ఇలాంటి కాల్స్‌ను గంటల్లో చెప్పుకోరు. "ఆ వాషింగ్ మెషీన్ వాళ్ళు నాకు మూడు ట్రేలు పట్టించారొదినా" అంటుంది మా ఆడపడుచు లెస్యా. ఎంతసేపు పడిగాపులు కాసిందో వినేవాళ్ళకి అర్థమైపోతుంది.

నేను ఫోన్ చేసింది కిరాణా కొట్టు పాయింట్ల కోసం. సామాను కొన్నప్పుడల్లా కార్డు చూపిస్తే పాయింట్లు పడతాయి, అవి పోగైతే విమానం టికెట్ ఇస్తారు. మా దేశంలో ఈ పిచ్చి లేని ఇల్లు లేదు. పాలు, టాయిలెట్ పేపర్, పిల్లల దగ్గుమందు, మా ఆయన షేవింగ్ క్రీము, ఏది కొన్నా ముందు కార్డు తీసేదాన్ని. పిల్లి మేత కొంటే పదింతల పాయింట్లు అన్నారని, పిల్లి లేని ఇంటికి బస్తా మోసుకొచ్చాను కూడా. ఆ సంగతి నా బ్లాగులో రాస్తే జనం పడీ పడీ నవ్వారు. బ్లాగులో నేను రాసేవన్నీ ఇలాంటివే. ధర అలాగే ఉండి డబ్బా మాత్రం చిక్కిపోయే పెరుగు, వస్తువు చెడిపోవడానికి సరిగ్గా ముందు రోజు ముగిసే గ్యారంటీ, సరదా ప్రయాణమని బయల్దేరి దారిపొడుగునా అందరి ఆకలీ నేనే చూసుకోవడం. మా ఆయన ఒరెస్ట్ దానికి "సణుగుడు పత్రిక" అని పేరు పెట్టాడు. ఎన్నడూ చదివిన పాపాన పోలేదు.

ఆ టికెట్‌తో నేను మా దేశం తూర్పు కొసన సముద్రంలో ఉన్న న్యూఫౌండ్‌లాండ్ వెళ్ళాలి. మే నెలలో అక్కడి తీరం వెంబడి మంచుకొండలు తేలుకుంటూ వస్తాయి. ఉత్తరాన ఎక్కడో విరిగి, దిక్కూ మొక్కూ లేకుండా, ఎవరికీ చెప్పకుండా బయల్దేరి వస్తాయి. ఎప్పుడో డెంటల్ క్లినిక్‌లో, నేను పనిచేసే చోటే, పాత క్యాలెండర్‌లో ఒక బొమ్మ చూశాను. చేపల పడవ వెనకాల నీలంగా మెరుస్తున్న కొండ. అప్పట్నుంచీ దాన్ని కళ్ళారా చూడాలని ఒకటే కోరిక. కాని మే నెల పొడుగు సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ సరస్సు ఒడ్డున క్యాబిన్ తెరవడానికి వెళ్ళాలి. చలికాలమంతా మూసి ఉన్న చెక్క ఇల్లు అది. ఎలుకల పెంటలు ఊడ్చి, పరుపులు ఎండేసి, చలికి గడ్డకట్టకుండా గొట్టాల్లో పోసిన మందు కడిగేసి, నీళ్ళు ఎక్కించి, అందరికీ వండి పెట్టాలి. మగవాళ్ళు నీళ్ళలో పడవరేవు చెక్కలు బిగించి, ఆ కష్టానికి సాయంత్రం దాకా బీరు తాగుతారు. దాన్ని మా ఇంట్లో విశ్రాంతి అంటారు.

ఈ మాట ఎత్తినప్పుడు ఒరెస్ట్ నవ్వాడు. "మంచు చూడ్డానికి పాయింట్లు తగలేస్తావా? నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా మన గుమ్మంలో ఉన్నదేంటి, పంచదారా?" అన్నాడు. అత్తగారు స్టెఫానియా అయితే ఎంతో ఉదారంగా, "వెళ్ళొద్దని ఎవరన్నారమ్మా? శుభ్రంగా జూలైలో వెళ్ళు" అంది. జూలైకి కొండలు ఎక్కడుంటాయి, కరిగి నీళ్ళైపోతాయి కదా అత్తయ్యా అన్నాను. "పోనీ ఆ నీళ్ళు చూసి రా" అంది.

చివరికి ఫోన్‌లో ఓ అమ్మాయి పలికింది. గొంతు తీయగా ఉంది. నా మాటంతా విని, "సారీ మేడమ్, అకౌంట్ ఒరెస్ట్ గారి పేరు మీదుంది. వివరాలు ఖాతాదారుకే చెప్పాలి" అంది. అవును, కొత్త కాపురం రోజుల్లో కౌంటర్‌లో కూర్చున్నతను నన్ను అడక్కుండానే మా ఆయన పేరు ఎక్కించేశాడు. "ఆ సామానంతా కొన్నది నేనమ్మా" అన్నాను. "అర్థమైంది మేడమ్, సారీ. సార్ పక్కనున్నారా?" సార్ గ్యారేజీలో పడవ మోటారు కింద దూరి ఉన్నారు. పిండి చేతులతోనే వెళ్ళి పిలిచాను. "మళ్ళీ ఎవరితో పెట్టుకున్నావే?" అంటూ గ్రీజు తుడుచుకుంటూ వచ్చి, ఫోన్ మీదికి వంగి, ఎంతో హుషారుగా అన్నాడు:

"మా ఇంట్లో బాస్ ఆవిడేనమ్మా. ఏం అడిగితే అది ఇచ్చెయ్!"

ఆ అమ్మాయి నవ్వింది. ఒరెస్ట్ నవ్వాడు. అలవాటుకొద్దీ నేనూ నవ్వాను. బాస్‌గారికి కావలసినది ఇవ్వమని ఇంకొకరు అనుమతి ఇవ్వాల్సి రావడం ఏమిటో ఆ క్షణంలో తట్టలేదు. "తప్పకుండా సార్. చిన్న వెరిఫికేషన్. కార్డు చివరగా ఏ కొట్లో వాడారు?" అందామె. ఒరెస్ట్ నా మొహం చూశాడు. నేను నోరు తెరవబోయాను. "మేడమ్ చెప్పకూడదండి, సారే చెప్పాలి."

"ఊళ్ళోనేనమ్మా... ఆ... రోడ్డు మీద... పెద్ద కొట్టు."

"పోనీ సార్, మీరు ఈ కార్డు మీద ఎక్కువగా కొనే వస్తువేంటి?"

పాపం, చెమటలు పట్టాయి. కళ్ళతో నన్ను బతిమాలాడు. నేను పెరోగీ అంచు నొక్కుకుంటూ నిలబడ్డాను.

"బీరు" అన్నాడు.

"మా కొట్లలో బీరు అమ్మరు సార్."

ఆ తర్వాత ఈమెయిల్ అడిగింది. "అది మా ఆవిడకి తెలుసు" అన్నాడు. అంతే, భద్రత కోసం అకౌంట్‌ను తాత్కాలికంగా ఆపేస్తున్నామని, ఎప్పుడు తెరుస్తారో తెలియజేస్తామని చెప్పిందామె. "సారీ సార్" అంది. "సారీ అమ్మా" అన్నాడు ఒరెస్ట్. ఒకరి కాలు ఒకరు తొక్కితే ఇద్దరూ క్షమాపణ చెప్పుకునే దేశం మాది. నా టికెట్ నా కళ్ళముందే గంగలో కలిసిపోయింది, అయినా నేను కూడా "సారీ" అనే ఫోన్ పెట్టాను.

ఒరెస్ట్ చెడ్డవాడు కాదు. గడ్డకట్టే చలిలో నాకంటే ముందు లేచి నా కారు అద్దం మీది మంచు గీకుతాడు, నాకు జ్వరమొస్తే తలుపు దగ్గర నిలబడి, ఏం చేయాలో తోచక నాకంటే ఎక్కువ నీరసపడిపోతాడు. కాని ఈ ఇల్లు ఏం తింటుందో, దేంతో తుడుచుకుంటుందో, దేంతో ఒళ్ళు రుద్దుకుంటుందో అతనికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాలేదు. నేనున్నాను కదా. అతని మేజోళ్ళు ఏ సొరుగులో ఉన్నాయో, అతని అమ్మ వేసుకునే బీపీ మాత్ర ఏ రంగో, బంధువుల్లో ఎవరికి గోధుమలు పడవో, అన్నీ నా తలలోనే ఉన్నాయి. క్లినిక్‌లో కూడా అంతే. డాక్టర్‌గారు పేషెంటు ముందే, "మార్లిస్‌ని అడగండి, ఆవిడకి అన్నీ గుర్తుంటాయి" అంటారు మురిసిపోతూ, జీతం పెంచమన్నప్పుడు మాత్రం ఆ సంగతి ఆయనకే గుర్తుండదు. ఇంతకాలం దాన్ని మెప్పు అనుకున్నాను. ఇంటిల్లిపాదీ తమ సామాను నా తలలో పడేసి, చేతులు ఊపుకుంటూ తిరుగుతున్నారని ఆ పూటే తెలిసింది. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. కాసేపటికి "బీరు" అన్నప్పటి ఒరెస్ట్ మొహం గుర్తొచ్చి, మంటలోనే నవ్వొచ్చింది.

అదంతా ఉన్నదున్నట్టు బ్లాగులో రాసి పెట్టాను. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో జవాబులు రాశారు. మాంక్టన్ నుంచి ఒకావిడ, తన భర్తని ఇంటి కుక్క పేరు అడిగితే చచ్చిపోయిన కుక్క పేరు చెప్పాడని రాసింది. మర్నాడు ఆదివారం చర్చి అయ్యీ అవ్వకముందే అత్తగారి ఫోన్.

"పరువు తీశావు కదమ్మా! చర్చిలో నలుగురూ చెవులు కొరుక్కుంటున్నారు. ఒరెస్ట్ మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"లేనిది రాశానా అత్తయ్యా?"

 ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. "నిజంగా బీరన్నాడా?"

"అన్నాడు."

కిసుక్కుమంది. ఆపుకోలేక మళ్ళీ కిసుక్కుమంది. "వాళ్ళ నాన్న పోయినప్పుడు నాకేమైందో తెలుసా? ఫోన్ బిల్లు ఆయన పేరు మీదుంది. మార్పించమని ఫోన్ చేస్తే ఖాతాదారుని పిలవండి అంది ఒకమ్మాయి. ఆయన పోయారమ్మా అన్నాను. అయ్యో, సారీ అండి, అయినా ఖాతాదారే మాట్లాడాలి అంది."

"మరేం చేశారు?"

"ఏం చేస్తాను, సారీ అని పెట్టేశాను. ఇప్పటికీ ఆయన పేరుతోనే వస్తోంది బిల్లు." నిట్టూర్చింది. "ఇంతకీ, మేలోనే వెళ్తావా?"

"మేలోనే."

"మరి పెరోగీలు?"

"ఫ్రీజర్ నిండా ఉన్నాయి అత్తయ్యా. ఉడకబెట్టుకోవడమే."

"నేనా?" అంది ఆవిడ, నిజంగానే హడలిపోయి.

"మీ అబ్బాయిలున్నారుగా" అన్నాను.

టికెట్ నా జీతం డబ్బుతో కొన్నాను. సంచికి వేరే రుసుము, సీటుకి వేరే రుసుము. నిలబడి వస్తానంటే తగ్గిస్తారా అని అడిగితే, ఫోన్‌లో అబ్బాయి కాసేపు ఆలోచించి, పైవాళ్ళని కనుక్కుంటానన్నాడు. ఒరెస్ట్ రెండ్రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు. "పది రోజులు ఆగితే పాయింట్లు తెరుస్తారేమో కదా" అన్నాడు. కొండలు ఆగవన్నాను. చివరికి, "సరే వెళ్ళు. క్యాబిన్ మేం తెరుస్తాంలే. అదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నాడు. ఏది ఎక్కడుందో చెప్తాను కూర్చోమంటే, "మేమేం పసిపిల్లలమా?" అని టీవీ పెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే, రెజైనా విమానాశ్రయం దాకా తనే దిగబెట్టాడు. దారంతా ఇద్దరం పాత పాటలు పెట్టుకుని గట్టిగా పాడుకున్నాం.

న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక చిన్న రేవులో పడవ కోసం వరసలో నిలబడ్డాను. చేతిలో ఒక్క సంచి, అందులో నా బట్టలు మాత్రమే. ఎవరి ఆకలీ, ఎవరి మాత్రలూ లేవు. గాలి చెవులు కొరికేస్తోంది. దూరంగా, క్యాలెండర్‌లో చూసినదానికంటే నీలంగా, కొండ ఉంది. చూడగానే, "వచ్చేశాను" అని పైకే అన్నాను. పక్కనున్న ముసలాయన, "మంచిదమ్మా" అన్నాడు.  సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"మార్లిస్!" ఒరెస్ట్ అరుస్తున్నాడు. వెనకాల చప్పుడు, పిల్లల కేరింతలు, ఎవరో జారిపడ్డ శబ్దం. "వంటింటి నిండా నీళ్ళు! పంపు వేశాం, ఎక్కణ్ణుంచో చిమ్ముతోంది!"

"ముందు పంపు ఆపు" అన్నాను. ఎంతైనా నా ఇల్లు కూడా కదా.

ఆపొచ్చాడు, రొప్పుతూ. "ఆ కుళాయి ఎక్కడుందే?"

"ఏ కుళాయి?"

"ప్రతి ఏడూ నువ్వే ఏదో తిప్పుతావు చూడు, అది!"

సింకు కింద, బకెట్టు వెనకాల, ఎడమవైపు గోడకి ఆనుకుని ఎర్రపిడి కుళాయి. చలికాలం ముందు తెరిచి వదిలేస్తాం, నీళ్ళు ఎక్కించే ముందు మూసేయాలి. కళ్ళు మూసుకుని చెప్పగలను. మాట నాలిక చివరిదాకా వచ్చింది. వెనక నుంచి అత్తగారి గొంతు వినబడింది. "మార్లిస్‌ని వదిలెయ్‌రా! వంగి చూడు, నడుం అరిగిపోదు!"

"ఎక్కేవాళ్ళు ఎక్కండమ్మా!" పడవ మీద నుంచి పిలిచారు.

"నాకు తెలియదు, ఒరెస్ట్" అన్నాను.

"ఏమన్నావ్?" అన్నాడు ఒరెస్ట్.  కాపురానికి వచ్చాక ఆ మాట నా నోటివెంట రావడం అదే మొదటిసారి.