వీశె వేరు, పడి వేరు

మామిడికాయలు కడగాలి. తుడిచి నీడన ఆరబెట్టాలి. టెంకతో కలిపి ముక్కలు కొట్టాలి. జాడీలు ఎండకు పెట్టాలి. మిరపకాయలు, ఆవాలు దంచాలి. ముక్కలు తూచాలి, ఆ తూకాన్ని బట్టి ఉప్పు కొలిచి ఇవ్వాలి.

ఈ కడపటి పనిని మాత్రం మా మేనేజరు దామోదరం గారు ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. అది 1946 వేసవి, రేషను రోజులు. చిత్తూరులో మా విద్యార్థుల హాస్టలుకు ఏడాది ఊరగాయ ఆ వారంలోనే పెట్టాలి. నేను అక్కడ గుమాస్తాను. మా ఇంట్లో బి.ఏ. దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

మా వైపు ఊరగాయకు లెక్కంతా పడితోనే, అంటే తూకంతో కాదు, కొలపాత్రతో. నాలుగు పడుల ముక్కలకు ఒక పడి ఉప్పు. కాయలేమో మండీ నుంచి తూకంలో వచ్చాయి. పడి బియ్యం సుమారు వీశె తూగుతుంది గనుక, దామోదరం గారు ముక్కలకూ అదే లెక్క కట్టారు. మణుగు ముక్కలంటే ఎనిమిది వీశెలు, అంటే ఎనిమిది పడులు, రెండు పడుల ఉప్పు చాలునన్నారు. వంటమనిషి తాయమ్మ ఈ పనికి కొత్త. అన్నం, సంగటి వండేదే గాని అంతకుముందు జాడీ జోలికి పోయింది లేదు. ఇచ్చిన ఉప్పు ఇచ్చినట్టు కలిపింది.

నెల తిరక్కుండానే జాడీలన్నీ బూజు పట్టాయి.

పిల్లలు భోజనాలకు కూర్చున్నప్పుడే దామోదరం గారు ఆమెను పిలిచారు.

"ఉప్పు యాడికి పోయింది? కొంగులో కట్టుకోని పోతివా?"

"ఇచ్చినంతా ఏసినాను సామీ. మూటగట్టుకోని పోయి నేనేమన్నా సముద్రం జేసుకుంటానా?" అనింది తాయమ్మ.

పిల్లలు నవ్వారు. ఆయనకు ఇంకా మండింది.

"దొంగదానికి మాటలు గూడా! రేపట్నించి ఈడికి రావద్దు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మరునాడు కాయలు తెప్పించి, ముక్కలు కొట్టించి, ఆయన ముందరే మణుగు తూచాను. ఆ ముక్కల్నే పడితో కొలిచాను. ఎనిమిది పడులు అయినా బుట్టలో ఇంకా మిగిలే ఉన్నాయి. పన్నెండు దాకా పోయింది.

"సూడండి సార్. ముక్కల నడుమ సందులుంటాయి. బియ్యం మాదిరి ఒత్తుకోని కూర్చోవు. మూడు పడుల ఉప్పు పడాల. మనం ఇచ్చిందే తక్కువ, ఆమె తీసింది లేదు."

"ఊరగాయ కొలిచేదానికా మునస్వామీ నువ్వు బి.ఏ. చదివింది?"

"దొంగ అన్న మాట వెనక్కి తీసుకోండి సార్."

"వంటమనిషి ముందర నన్ను తల దించమంటావా? కావాలంటే పనిలోకి రమ్మను. అంతే."

ఆ కబురు నేనే మోసుకుపోయాను. తాయమ్మ వాకిలి చిమ్ముతూ చీపురు ఆపలేదు.

"పిల్లోళ్ళ ముందర అనినాడు గదప్పా. పిల్లోళ్ళ ముందరే కాదనమను. అప్పుడొస్తా."

ఆయన అనలేదు. ఆమె రాలేదు. కొన్నాళ్ళకు పుత్తూరులో చెల్లెలింటికి పోయిందని తెలిసింది. మరుసటి వేసవి దామోదరం గారు మణుగుకు మూడు పడుల ఉప్పు కొలిచి ఇచ్చారు. ఊరగాయ ఏడాదంతా నిలిచింది. నేను నేర్పిన లెక్క తీసుకోవడానికి ఆయనకు సిగ్గు అడ్డం రాలేదు.

ఆనాడు ఆ పంక్తిలో కూర్చుని నవ్విన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయి ఉంటారు. వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే, దయచేసి తాయమ్మను గుర్తుపెట్టుకోండి. ఆమె ఉప్పు తీయలేదు.